మా అత్త కూర్చునే సీటు

పాడేరులో నేను షాపు తెరిచిన మొదటి చలికాలం అది. బోర్డు మీద 'ఆటో ఎలక్ట్రికల్స్' అని పెద్దక్షరాలే రాయించాను గానీ, హారన్లూ బల్బులూ తప్ప ఇంకేవీ నా దాకా వచ్చేవి కావు. అసలు పని పడితే అందరూ ఘాట్ దిగి విశాఖ పోయేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని నాకు పిల్లనిచ్చిన మావయ్య నా మొహం మీదే అనేవాడు.

మావయ్య కాఫీ రైతు. ఆ ఏడే ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. స్విచ్ నొక్కితే ముందు సీట్లు వేడెక్కుతాయి. ఊళ్లో వాళ్లంతా వంతులేసుకుని కూర్చుని చూశారు. నెల తిరక్కుండా అత్త కూర్చునే ఎడమ సీటు చల్లబడిపోయింది. మావయ్య కారు తెచ్చి నా షాపు ముందు ఆపి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"సాయంత్రంలోగా తేల్సెయ్ అల్లుడా. నీ వల్ల కాకపోతే రేపు విశాఖ అట్టుకెళ్లిపోతాను."

సొంత మావగారి కారే విశాఖ వెళ్లిందంటే ఇక నా షాపుకి సైకిలు కూడా రాదు. అది ఆయనకీ తెలుసు.

ఫ్యూజు బాగానే ఉంది. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, సీటు కింద కనెక్టరు విప్పి మీటరు పెట్టి చూడాలి. మావగారి ఎదుట అలా పాకడం నామోషీ అనిపించింది. అందుకని నిలబడి చేసే పనులన్నీ ముందు చేశాను. స్విచ్ మార్చాను, రిలే మార్చాను. కొన్నాళ్లుగా పొద్దున్నే బ్యాటరీ కూడా దిగిపోయి ఉంటోందని మావయ్య అంటే, చలికి అంతేనని పెద్ద ఇంజనీరులా చెప్పాను. సీటు మాత్రం చల్లగానే ఉంది.

మధ్యాహ్నానికి నా నామోషీ దిగింది. వంగి మీటరు పెడితే కరెంటు సీటు దాకా వస్తోంది. కవరు ఊడదీశాను. వేడెక్కే తీగ రెండు చోట్ల తెగింది, జానెడు ఎడంలో. ఆ రెండు చోట్లా స్పాంజి నొక్కుకుపోయింది. మామూలుగా కూర్చుంటే అలా అవదు, ఎవరో మోకాళ్లు ఆనించారని చెప్పాను. మావయ్య మిరియాల బస్తాలు ఎక్కించిన వాళ్లతో మొదలుపెట్టి బంధువులందరినీ అనుమానించాడు. సరిగ్గా అప్పుడే అత్త క్యారేజీ పట్టుకుని వచ్చి, విప్పిన సీటు చూసి ఆగిపోయింది. ఆవిడ రోజూ తెల్లారగట్లే లేచి ప్రార్థన చేసుకునే మనిషి.

"నేనే బాబూ," అంది మెల్లగా. "ఈ సలికి నేల మీద మోకాళ్లేత్తే లెగలేకపోతన్నాను. తాళం తిప్పితే ఇది ఎచ్చగా ఉంటాది."

బండి స్టార్టు చేయకుండానే సీటు వేడెక్కించుకునేదన్నమాట, బ్యాటరీ సంగతీ తేలిపోయింది. మావయ్యకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"బ్యాటరీ దిగిపోయేంతసేపు దేవుణ్ణి ఏటి అడుగుతన్నావు?"

అత్త ఆయన వైపు చూడలేదు.

"బాబు షాపుకి బళ్లు రావాలని."

"అయితే ఒక బండి వచ్చింది కదా," అని మావయ్య స్టూలు దగ్గరికి జరుపుకుని టార్చి పట్టుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. తీగ అతికించి, సీటు వేడెక్కేదాకా మోకాళ్ల మీదే ఉన్నాను. అస్సలు నామోషీ అనిపించలేదు.