రాట్నం మీంచి కొండ కనబడితే

ఈ రోజు నేను రంగులరాట్నం ఎక్కి, వాంతి చేసుకోకుండా దిగాను! చిత్తూరు బస్సులో కూర్చుంటేనే కడుపులో తిప్పే మనిషిని నేను. ప్రపంచ యుద్ధం అయిపోయాక మా తిరుపతి గంగమ్మ జాతరకు మొదటిసారి పెద్ద చెక్క రాట్నం వచ్చిందని మా మేనత్త నన్ను లాక్కుపోయింది. నా చేతిలో నిమ్మకాయ పెట్టి, "వాసన సూసుకుంటా కొండ మీదే కండ్లు పెట్టుకో, ఏం కాదు" అంది.

రాట్నం తిప్పే ఆయన నా మొహం చూసి, "తల తిరిగితే సేతులెత్తప్పా, నిలిపేస్తా" అన్నాడు.

మేమెక్కిన పెట్టె పైకి వెళ్లగానే ఇళ్ల కప్పుల మీదుగా కొండ నిండుగా కనబడింది. అంతే! మా ఇద్దరి చేతులూ వాటంతటవే లేచి దండం పెట్టాయి. రాట్నం ఠక్కున ఆగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ కొండ కనబడింది, మళ్లీ మొక్కాము, మళ్లీ ఆగింది. నాలుగోసారికి మిగతా పెట్టెల్లో వాళ్లు అరవసాగారు.

"ఏందప్పా, దిగుతావా, తిరుగుతావా?" అని కింది నుంచి ఆయన కేక.

"మేం మొక్కేది నీకు గాదు నాయనా, సామికి! నువ్వు తిప్పు!" అని అత్త అంతకన్నా పెద్ద కేక.

నాకు మాత్రం తల తిరగలేదు. తిరగడానికి రాట్నం తిరిగితే కదా!

అంతా నిమ్మకాయ మహిమేనని అత్త సాయంత్రం నుంచి వీధంతా చెబుతోంది. మొదటి దండానికే అది నా చేతిలోంచి జారి కింద జనంలో పడిపోయింది. కొండ కనబడినా చేతులు దించుకుని కూర్చోగల తిరుపతివాళ్లు మీలో ఉంటే చెప్పండి, వాళ్ల పక్కన మాత్రం నేను రాట్నమెక్కను.