గంజి పట్టని కాగితం

ఉదయగిరి కొండ కింద కాగితాలు చేసే మా పొరుగింటి సాయిబు తాత మొన్న శుక్రవారం పోయారు. జ్వరం అంటున్నారు. జ్వరం కాదు, చేతిలో పని లాక్కుని చంపారు. ఈ మాట మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

పాత గోనెలు, తెగిన జనపతాళ్ళు సున్నంలో నానబెట్టి దంచి, తొట్టి నీళ్ళలో కలిపి, సన్నటి తడికతో ఒక్కో కాగితం ఎత్తేవారు. గోడకు అంటించి ఆరబెట్టి, బియ్యపు గంజి పూసి, నున్నటి రాయితో రుద్దేవారు. చిన్నప్పుడు మేం గోడ దగ్గరికి పోతే, "తడి ఆరందే తాకబాకరా, దానికీ చర్మం ఉండాది" అని కసిరేవారు. కసిరి, మళ్ళీ పిలిచి బెల్లం ముక్క పెట్టేవారు. పెద్దయ్యాక ఆ కాగితాన్ని ఆత్మకూరు తాలూకా కచేరీకి నా బండి మీదే తోలాను.

ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. వరికుంటపాడు నుంచి, వింజమూరు నుంచి జనం మా వీధిలో వచ్చి పడ్డారు. తాత పొయ్యి మీద కాగితాల గంజి కాగుతోంది. గుమ్మంలో పిల్లలు ఆ కుండనే చూస్తున్నారు.

"నాయనా, గంజి లేకపోతే సిరా పాకతాది. కచేరీ వాళ్ళు తీసుకోరు" అన్నాడు కొడుకు.

"పాకనీ. బిడ్డల నోటికాడ కూడు కాగితానికి పూసేదా? నా వల్ల కాదురా."

కరువంతా ఆ గంజి పిల్లలకే.

గంజి లేని ఆ కాగితాన్నే కచేరీకి తోలాను. గుమాస్తా కట్ట విప్పి కలంతో ఒక గీత గీశాడు. సిరా చెదిరింది.

"ఏందిది, వడగట్టే గుడ్డా? ఇంగిలీషు సీమ నుంచి మిల్లు కాగితం వస్తుండాది. కలకత్తా కాడ యంత్రాలు పెట్టినారు. జైళ్ళలో ఖైదీలు చేస్తుండారు. ఇంక మీది తేబాకండి."

గంజి ఎందుకు పూయలేదో చెప్పాను. "నాకెందుకు అదంతా?" అన్నాడు. వాడి కడుపు నిండుగా ఉంది మరి.

దేశంలో ఎక్కడెక్కడో ఇలాగే తొట్లు ఎండిపోతున్నాయట. యంత్రాన్ని తిట్టి ఏం లాభం, అది ఇనుము. మనిషికేం రోగం? వానలు పడ్డాక తాత మళ్ళీ గంజి పూసి, అద్దంలా రుద్దిన కట్ట పంపారు. ఆ గుమాస్తా తాడు కూడా విప్పలేదు. ఆ తర్వాత తాత తొట్టి దగ్గరికి పోలేదు, మంచం దిగలేదు.

ఖబరస్తానుకు కచేరీ నుంచి ఒక్కడూ రాలేదు. ఆ గంజి తాగి బతికిన పిల్లలు వచ్చారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు గోరీలో మూడేసి పిడికిళ్ళ మట్టి వేయడం ఆచారం. "చాల్లేరా, పక్కకు రాండి" అని పెద్దలు అంటున్నా వినకుండా, ఆ చిన్న పిడికిళ్ళతో వంగి వంగి ఎత్తుతూనే ఉన్నారు.