ఏడు గీతల గింజ

మీ తాత ముచ్చటైతే ఎన్నిసార్లు చెప్పినా చెవులొగ్గి ఇంటరు. నా మరిది కురుమయ్య ఎట్ల బతికిండని ఒక్కరన్న అడిగిండ్రా? ఆని పేరు చెప్పుకుంటె మీకు నామోషి. నాకూ నామోషే. అయినా ఇనుండ్రి.

జూరాల కాడ డ్యాం కడుతుండిరి అప్పుడు. మా గద్వాల వాడల నేసిన చీరలన్నీ షావుకారు బాలకిష్టయ్య కొంటుండె. చీరలు సూసేటందుకు ఒకణ్ణి పెట్టుకుండె. వాడు కొంగు సూసి, కొస సూసి మంచిగున్నదని పక్కకు పెడుతుండె. అది తెల్సి నేసెటోళ్లు నడుమల అతుకు వదులు చేసిరి. పట్టు అంచుకు, నూలు బట్టకు పడే అతుకు వదులైతే, ఉతికినంక అంచు ఊడి చేతికొస్తది.

నేను సూస్త అని మా కురుమయ్య పోయిండు. ఒళ్లు వంగని మనిషి. ఆ కూసునే పని కోసం ఉన్న మగ్గం అమ్మిండు. చీరకు ఎనిమిది మడతలు. ఎనిమిది చింతగింజల మీద ఒకటి నుంచి ఎనిమిది దాక గీతలు గీసి బుడ్డిల ఏసిండు. చీరకొక గింజ తీసుడు, ఎన్ని గీతలుంటె ఆ మడత ఒక్కటే ఇప్పి సూసుడు. ఏది ఇప్పుతడో ఆనికే తెల్వకపాయె, నేసెటోనికేం తెలుస్తది? భయానికి అందరు చీరంత గట్టిగ నేసిరి. ఈయన బీడీ తాగుకుంట తెలివిమంతుడైండు.

తెలివి ఏమున్నది, మన్ను. ఏడు అనే మాట ఆని నోట రాదు. ఏడుపంట అది. రొట్టెలు లెక్కపెట్టినా ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది అంటడు. ఏడు గీతల గింజొస్తె సప్పుడు చెయ్యక బుడ్డిల ఏసి ఇంకోటి తీస్తుండె. మా వాడ నేతగాడు మాసయ్య అది కనిపెట్టి అందరికి చెప్పిండు. ఇగ వాడంత ఏడో మడతలనే దొంగపని.

వనపర్తి దుకాణం నుంచి చీరలు వాపసొచ్చినయి. అన్నీ ఒక్క కాడనే ఊడినయి. షావుకారు పిలిపిచ్చిండు.

"అది చెడ్డ గింజ, సేటూ," అన్నడు ఈయన.

"ఏది సూస్తవో ఎవనికీ తెల్వదని గద నిన్ను పెట్టుకున్న," అన్నడు షావుకారు. "ఏది సూడవో ఊరందరికీ ఎరుకేనాయె. బుడ్డి ఆడ పెట్టి నడువ్."

మగ్గం లేకపాయె. ఇగ మా ఇంటాయన మగ్గం కాడ కండెలు చుట్టుకుంట బతికిండు. బుద్ధన్న వచ్చిందా? ఎన్నేండ్లు నీకంటె, అరవై ఆరున్నొకటి అంటుండె.

అరవై ఏడేండ్లకు సచ్చిండు.