పారాణి పూసిన యుద్ధం

మా కోడలు శ్రావణి బాల్కనీ తలుపు ఎంత బార్లా తెరిచి పెట్టినా ఆ రంగుల వాసన, ఆ టర్పెంటైను ఘాటు మా ఇల్లు వదలదు. రాయదుర్గంలో మెట్రో ఆగిపోయే చోట, నాలుగు పక్కలా అద్దాల ఆఫీసుల మధ్య ఉన్న ఫ్లాటు మాది. వారమంతా ల్యాప్‌టాపుకి అతుక్కుపోయే ఈ పిల్ల, శనాదివారాలు వస్తే చాలు కంటికి భూతద్దం తగిలించుకుని, వేలెడేసి ప్లాస్టిక్ సైనికులకి రంగులేస్తూ, చెక్కమీద మట్టీ ముళ్ళకంచే పరిచి యుద్ధరంగం కడుతుంది. ఏదో పోటీకి పంపాలట. మొన్న ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"అత్తయ్యా, వీడికి కాలు పోయినట్టు చేశాను. రక్తం ఇంత చాలంటారా, ఇంకాస్త వెయ్యమంటారా? మా బొమ్మల గ్రూపులో సగం మంది ఇదే ఎక్కువంటున్నారు, సగం మంది ఇదేం యుద్ధమని నవ్వుతున్నారు."

నేను వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించి, ఎందుకు వెలిగించానో తెలీక ఆర్పేసి, మళ్ళీ హాల్లోకొచ్చి, కూర్చుని, లేచాను. అసలే నాది ఒకచోట కాలు నిలవని ఒళ్ళు. చిన్నప్పుడు అమ్మ, "కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు, కాసేపు కూర్చుని చావవే!" అని తిట్టని రోజు లేదు. ఆ తిట్టు ఎక్కువగా తిన్నది డెబ్బై ఒకటి చివర, బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో. అప్పుడు మేం హఫీజ్‌పేట స్టేషను పక్కన రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం.

నాన్న ఆ స్టేషనులో అసిస్టెంటు స్టేషను మాస్టరు. గుడివాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మాకు ఆ ఊరు మొదట్లో ఊరులానే అనిపించలేదు. ఎటు చూసినా ఏనుగులంత గుండ్రాళ్ళు, వాటి మధ్య సీతాఫలం పొదలు, చలికాలం పొద్దున్నే చెరువు మీంచి లేచే పొగమంచు, ఆ మంచులో ఎక్కడినుంచో వినిపించే మేకల మెడగంటలు, బొగ్గుపొయ్యి రాజుకుంటున్న వాసన, ఇంజను వదిలిన ఆవిరి వాసన. ఇప్పుడు కార్లు బారులు తీరే ఈ రాయదుర్గం వైపుకి అప్పట్లో సాయంత్రం దాటితే ఎవరూ వచ్చేవారు కాదు, నక్కలుంటాయని. పక్క క్వార్టరులో, బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నర్సయ్య, ఆయన భార్య బాలమణి ఉండేవారు. ఇద్దరూ ఆ పక్క ఊళ్ళవాళ్ళే. పండక్కి తడిబట్ట మీద బాలమణి పెద్దమ్మ వేళ్ళతో సకినాలు తిప్పుతుంటే, మా అమ్మ అరిసెల పాకం మీంచి ఒక కన్ను అటే వేసి ఉంచేది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు యాదగిరి మిలిటరీలో సిపాయి.

ఆ డిసెంబరంతా మిలిటరీ రైళ్ళే. టార్పాలిన్లు కప్పిన బండ్లు, తలుపుల్లో కాళ్ళు వేలాడేసుకున్న కుర్రాళ్ళు. మేం జామకాయలు విసిరితే వాళ్ళు పట్టుకుని నవ్వేవారు. రైలు చప్పుడు వినపడితే చాలు బాలమణి పెద్దమ్మ చేతిలో పని వదిలేసి పట్టాల దాకా వచ్చేది, యాదగిరి ఆ రైల్లో లేడని తెలిసి కూడా. యుద్ధం గెలిచామని రేడియోలో చెప్పి స్టేషనులో మిఠాయి పంచిన కొన్నాళ్ళకి తంతి వచ్చింది. యాదగిరికి దెబ్బ తగిలింది, పూనా ఆసుపత్రిలో ఉన్నాడు. అంతే ఉంది అందులో. నర్సయ్య ఆ రోజే బయల్దేరాడు.

ఎంత దెబ్బ? ఆ ఒక్కమాట ఎవరికీ తెలీదు. బాలమణి పెద్దమ్మ రోజూ వచ్చి మా నాన్నని గుమ్మంలోనే అడిగేది: "మాస్టరుసాబ్, జర చెప్పుండ్రి, ఎంత తాకి ఉంటది? షెయ్యా, కాలా?" నాన్న పాపం ఏం చెప్తాడు? "ఏం ఫరవాలేదమ్మా, చిన్నదే అయ్యుంటుంది" అనేవాడు. ఆమె వెళ్ళిపోయాక అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

ఆ సంక్రాంతికే మా అక్క బొమ్మల కొలువులో యుద్ధం పెడతానని పట్టుబట్టింది. అక్కకి పదిహేనేళ్ళు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివి అందరి బుర్రా తినేది. అమ్మకేమో కొలువంటే మెట్ల మీద తెల్లటి దుప్పటి, పై మెట్టున పట్టాభిషేకం బొమ్మ, కింద కొండపల్లి పెళ్ళి ఊరేగింపు, పళ్ళెంలో మొలకెత్తించిన మెంతుల తోట, అద్దంముక్క చెరువు. వాటి పక్కన అక్క చెరువుమట్టితో సైనికుల్ని చేసి, ఈనెపుల్లలు కాళ్ళుగా గుచ్చి, నాన్నని బతిమాలి తెచ్చిన స్టేషను పచ్చరంగు పూసి, అగ్గిపెట్టెలకి అగరొత్తి పుల్లలు అమర్చి ట్యాంకులు తయారుచేసింది. ఎంత బాగుందో! పేరంటాలకొచ్చిన ఆడవాళ్ళు శెనగలు ఒళ్ళో వేయించుకుని, మా రాముణ్ణి వదిలేసి ట్యాంకుల చుట్టూ మూగారు.

గొడవంతా పడిపోయిన వాళ్ళ దగ్గర వచ్చింది. మా ఇళ్ళలో కొలువు చివరి సాయంత్రం హారతిచ్చి, పాట పాడి, ఒక బొమ్మని పడుకోబెడతారు. అంటే కొలువు ముగిసినట్టు. అంతకు ముందు ఏ బొమ్మా పడుకోకూడదు. విరిగిన బొమ్మైతే మెట్టెక్కకూడదు, చెరువులో కలిపేయాలి.

"మరి యుద్ధంలో ఎవరూ పడకుండా ఎలాగమ్మా? అందరూ నిలబడి ఫొటో దిగుతారా?" అని అక్క.

"నా కొలువులో శవాలేమిటే, శుభమా అని! పడితే పడ్డారు గానీ పండగెళ్ళాక పడమను."

అక్క ఊరుకునే రకమా! భోగి మర్నాడు అమ్మ పూజలో ఉండగా ఒక సిపాయిని తీసి, మోకాలి కింద ఈనెపుల్ల పుటుక్కున విరిచి, ట్యాంకు పక్కన వెల్లకిలా పడుకోబెట్టింది. అమ్మ పసుపూ సున్నం కలిపి పేరంటాళ్ళ కాళ్ళకని ఉంచిన పారాణి గిన్నెలో పుల్ల ముంచి, ఆ విరిగిన చోట ఒక చుక్క వేసింది. చాల్లేదంది. ఇంకో చుక్క. చూసి, మెడ వంచి మళ్ళీ చూసి, చివరికి గిన్నె ఒంపేసింది. పారాణి మట్టిలోకి ఇంకి, మెంతుల తోట దాకా పాకింది. నేను బయటికి పరుగెత్తబోయేసరికి, గుమ్మంలో బాలమణి పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో సకినాల పళ్ళెం.

ఆమె పళ్ళెం కింద పెట్టి, వంగి, ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచినకొద్దీ కొంగు ఎర్రబడుతోంది. "లే బిడ్డా, లే" అంటోంది మెల్లగా, బొమ్మతోటే. నిలబెట్టబోతే ఒంటికాలి మీద అది ఒరిగిపోయింది. మళ్ళీ నిలబెట్టింది, మళ్ళీ ఒరిగింది. చివరికి మెంతుల పళ్ళేనికి ఆనించి, పడదని నమ్మకం కలిగేదాకా చెయ్యి అక్కడే ఉంచింది. అమ్మ పూజ మధ్యలో లేచొచ్చింది.

"విరిగినదాన్ని పెట్టొద్దంట గదమ్మా మీ దిక్కు?" అంది బాలమణి పెద్దమ్మ. "జర ఇయ్యాల్టికి ఉండనియ్యుండ్రి."

అమ్మ తల ఊపింది. మర్నాడు నర్సయ్య పాసింజరు దిగాడు. యాదగిరి బతికాడు, మోకాలి కింద కాలు తీసేశారు.

ఇక చూడాలి క్వార్టర్లలో గుసగుసలు! పండగపూట ఆ పిల్ల బొమ్మ కాలు విరిచింది, అక్కడ వాడి కాలు పోయింది, అని. కాలు పోయి అప్పటికి చాలా రోజులైందని నాన్న అందరికీ ఓపిగ్గా చెప్పాడు. ఎవరు విన్నారు? అక్కే వినలేదు. ఆ రోజు నుంచి మట్టి ముట్టలేదు, పేపరు గట్టిగా చదవలేదు. బాలమణి పెద్దమ్మ ఎదురైతే గోడవారన నక్కేది. అక్క అలా మెత్తబడిపోతే ఇల్లు ఇల్లులాగే ఉండేది కాదు, నాకు ఏడుపొచ్చేది.

పై ఏడు కొలువుకి అమ్మ పెట్టె తెరిచి, పాత పంచెముక్కలో చుట్టి దాచిన ఆ కుంటి సిపాయిని బయటికి తీసింది. చెరువులో కలిపేసిందనే అనుకున్నాం అందరం. తీసుకెళ్ళి పై మెట్టు మీద, పట్టాభిషేకం బొమ్మ పక్కన గోడకి ఆనించి పెట్టింది. 

ఆ సాయంత్రం యాదగిరి వచ్చాడు, కర్ర టకటకలాడించుకుంటూ, వెనక వాళ్ళమ్మ. అప్పటికి వాడికి రెండు సంబంధాలు వచ్చి, కాలు చూసి వెనక్కి పోయాయి. బాలమణి పెద్దమ్మ బెంగంతా అదే. కొలువు ముందు చతికిలబడి వాడు అన్ని బొమ్మల్నీ చూసి, పై మెట్టు చూసి పకపకా నవ్వాడు.

"గీడు నేనే గదా! నెత్తురేది మరి? మస్తు నెత్తురు పోసిన్రని చెప్పిన్రు?"

తలుపు చాటున అక్క బిక్కచచ్చిపోయింది.

"నేనే తుడిసిన" అంది వాళ్ళమ్మ.

"ఎందుకు తుడిసినవే? గంత నెత్తురు వోయినంక గూడ బతికిండని చూసెటోళ్ళకు ఎట్ల తెలుస్తది? జర ఉండనియ్యకపోయినవ్." నవ్వుతూనే అన్నాడు గానీ చివరికొచ్చేసరికి గొంతు నవ్వడం లేదు.

 అమ్మ లోపలికి వెళ్ళి పారాణి గిన్నె తెచ్చింది. అక్కని రెక్క పట్టుకుని ముందుకు లాగి, గిన్నె చేతిలో పెట్టింది. "పెట్టవే. ఉన్న కాలికి పెట్టు. పెళ్ళికొడుక్కి పెట్టినట్టు పెట్టు" అంది. అక్క ఆ ఈనెపుల్ల చివర సన్నగా పారాణి దిద్దింది. ఏడాదిపాటు ఎవరి ముందూ కంటతడి పెట్టని బాలమణి పెద్దమ్మ, మా హాల్లో గోడకి ఆనుకుని బావురుమంది. యాదగిరి మా అక్క నెత్తిమీద చెయ్యి వేసి, "నీకేం ఫికర్ వద్దు చెల్లె" అన్నాడు.

అక్క పోయింది. ఆ క్వార్టర్లు లేవు, గుండ్రాళ్ళని పేల్చి మేడలు కట్టారు. సీతాఫలాలు బండి మీద కిలో లెక్కన కొంటున్నాం. కొలువు పెట్టే ఓపిక నాకూ లేదు. బొమ్మ మాత్రం నా బీరువాలో, అదే పంచెముక్కలో ఉంది. తీసుకొచ్చి శ్రావణి బల్ల మీద, ఆ ప్లాస్టిక్ సైనికుడి పక్కన పెట్టాను. ఒంటికాలి మీద ఒరగబోయింది. ఆ పిల్ల చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"కాలి దగ్గర ఎరుపుంది అత్తయ్యా, ఇది రక్తమా?"

"కాదే, పారాణి. ఆ తరవాత వాడికి పెళ్ళయింది."

ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు, పడిపోతాడని. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను, కాలు కదపకుండా.