మా వసారా ఎడమ స్తంభం

మా నాన్న వడ్రంగి. పోయి ఏడాది దాటింది. రాజమండ్రిలో ఎన్ని ఇళ్ళకు తలుపులు చేశారో ఆయనకే లెక్క తెలియదు. నాకు మాత్రం నాన్న అనగానే ముందు గుర్తొచ్చేది దువ్వెన. అమ్మకు భుజం నొప్పి. అందుకని రోజూ పనికి వెళ్ళే ముందు నన్నూ చెల్లినీ కూర్చోబెట్టి ఆయనే జడలు వేసేవారు. పాపిడి తీయడమంటే చెక్క మీద గీత కొట్టడమే ఆయనకు. ఒక్క వెంట్రుక అటు పోతే మొత్తం విప్పేసి మళ్ళీ మొదలు. "బడికి టైమైపోయింది నాన్నా!" అని నేను గగ్గోలు పెడితే, "వంకర పాపిడితో వెళ్తే మేస్త్రి కూతురివని ఎవరు నమ్ముతారమ్మా?" అనేవారు. ఆ తలనూనెలో రంపపు పొట్టు కూడా కాస్త కలిసేదనుకోండి.

ముక్కుమీద కోపం నాకు ఆయన నుంచే వచ్చింది. పనితనం మాత్రం చెల్లికీ రాలేదు, నాకూ రాలేదు.

పనిలో ఆయనకు ఒక పట్టింపు ఉండేది. కర్రను నిలబెట్టేటప్పుడు మొదలు కిందికి, చివర పైకి ఉండాలి. చెట్టుగా ఎలా నిలబడిందో ఇంట్లోనూ అలాగే నిలబడాలి. తలకిందులైతే ఆ ఇంటికి నిలకడ ఉండదని వడ్రంగుల నమ్మకం. నాలుగు పలకలుగా కోసేసిన కర్రలో మొదలేదో చివరేదో మనకేం తెలుస్తుంది? ఆయన మాత్రం ముడులు ఎటు వాలాయో చూసి, బొటనవేలితో తడిమి ఠక్కున చెప్పేసేవారు.

కొవ్వూరులో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు, ముందు పెంకుల వసారా ఉండాల్సిందేనని నేనే పట్టుబట్టాను. దానికి రెండు టేకు స్తంభాలు కావాలి. నాన్నకు అప్పటికే డెబ్బై దాటాయి. "నగిషీలు వద్దమ్మా, నున్నగా చేసి పెడతాను" అన్నారు. చేశారు. నిలబెట్టి, తూకం గుండు వేలాడదీసి మూడుసార్లు చూసుకున్నారు. అదే ఆయన ఆఖరి పని.

రెండేళ్ళు గడిచేసరికి మరుపు మొదలైంది. కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికేది. అమ్మ నవ్వేసేది గానీ ఆయన నవ్వేవారు కాదు. "నాకు మతి పోతోందంటావా?" అని అమ్మను పదేపదే అడిగేవారట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయన బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. అల్లుణ్ణి చూడ్డానికి వచ్చిన నాన్న వసారా మెట్ల దగ్గర ఆగిపోయి, ఎడమ స్తంభం వంక అలాగే చూస్తూ నిలబడ్డారు. "రా నాన్నా" అని పిలిచాను. రాలేదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, వంటింటి తలుపులోంచి వచ్చి, అల్లుడి పక్కన ఐదు నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే తంతు. వంటింటి కబోర్డులు రెడీమేడ్ వాళ్ళకు ఇచ్చామని కోపం కాబోలనుకున్నాను. నాలుగు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు గోదావరి బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి కడిగేశాను.

"ఏంటి నాన్నా నువ్వు చేసేది? కూతురింటికి దొంగలా దొడ్డిదారిన వస్తావా? వీధిలో అందరూ అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది!"

దొంగ అన్న మాటకు అమ్మ నన్ను ఉరిమి చూసింది. నాన్నకు కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఎడమ స్తంభం తలకిందులుగా పెట్టానమ్మా" అన్నారు. "చూపు ఆనడం లేదని ఎవరికీ చెప్పకుండా చేశాను. అల్లుడుగారి కాలు నా వల్లే విరిగింది. ఇక ఏ మొహం పెట్టుకుని దాని పక్కనుంచి రమ్మంటావు?"

"ఆయన కాలు ఫోను మాట్లాడుతూ బండి నడిపితే విరిగింది నాన్నా! పాపం, స్తంభం ఏం చేసింది?" అన్నాను నవ్వుతూ. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తీసి సరిగ్గా పెట్టించు. అప్పుడొస్తాను" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "పెట్టించేద్దాం. మామయ్యగారు ముందు నుంచి వస్తే అంతే చాలు."

నాన్న చేతులు అప్పటికి ఉలి పట్టే స్థితిలో లేవు. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు తనే మేస్త్రి అయిన శిష్యుణ్ణి పిలిపించాం. నలభై ఐదేళ్ళ మనిషి. ఇద్దరు పనివాళ్ళతో వచ్చాడు. దుమ్ము తగలకుండా నాన్నను దూరంగా గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. దూలానికి కింద ఆసరా కర్రలు పెట్టి, స్తంభాన్ని మెల్లగా తప్పించి పడుకోబెట్టారు. శిష్యుడు వంగి దాని అడుగు చూశాడు. లేచి నన్ను పక్కకు రమ్మన్నాడు.

"అక్కా, ఇది సరిగ్గానే ఉందండి" అన్నాడు గొంతు తగ్గించి. "కర్ర కోతకెళ్ళి రాగానే మొదలు వైపు ఉలితో గాటు పెట్టేస్తారు గురువుగారు. మాకూ అదే నేర్పారు. చూడండి, గాటు కిందే ఉంది. ముడులూ పైకే వాలి ఉన్నాయి. ఇలాగే మళ్ళీ నిలబెట్టేస్తాను. చెప్తే ఆయన ఎంత సంతోషిస్తారో!"

నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న తప్పు చేయలేదు! చెప్పేద్దామని గేటు వైపు నాలుగడుగులు వేశాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి, ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. కాళ్ళు ఆగిపోయాయి. అప్పుడు చేసిన పని ఒప్పని చెబితే, ఇప్పుడు చూస్తున్న కన్ను తప్పని చెప్పినట్టే. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో గుర్తులేని మనిషికి, కర్రను చూసి చెప్పగలనన్న ధైర్యం ఒక్కటే మిగిలింది. పని తప్పయితే దిద్దుకోవచ్చు. ఆ ధైర్యం పోతే ఎవరు తెచ్చిస్తారు?

వెనక్కి వచ్చాను. "తిరగేసి పెట్టెయ్" అన్నాను.

"అయ్యబాబోయ్! తెలిసి తెలిసి తలకిందులుగానా అక్కా? ఆయన నేర్పిందేంటి, నాచేత మీరు చేయించేదేంటండి?"

"ఇల్లు నాది. పాపం ఏదైనా ఉంటే అదీ నాదే. ఆయన వంక ఒకసారి చూసి, అప్పుడు కాదను."

అతను చూశాడు. స్తంభాన్ని తాకి కళ్ళకద్దుకుని, పనివాళ్ళకు సైగ చేశాడు.

స్తంభం నిలబడ్డాక నాన్న లేచి వచ్చారు. ఒక్కో ముడినీ బొటనవేలితో తడుముతూ పై నుంచి కిందికి వచ్చారు. కనిపెట్టేస్తారేమోనని భయం. కనిపెట్టాలని కూడా ఒక మూల ఆశ ఉంది, అబద్ధమెందుకు.

"ఊఁ. ఇప్పుడు కుదిరింది" అన్నారు.

చెప్పులు విడిచి, ముందు గుమ్మంలోంచే లోపలికి వచ్చారు. అల్లుడి భుజం తట్టి, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, తనతో వచ్చిన అమ్మను చూపిస్తూ నాతో గర్వంగా అన్నారు.

"నాకు మతి పోతోందని మీ అమ్మ బెంగ. ఇన్నాళ్ళూ ఆ స్తంభం పక్కనుంచి ఎంతమంది వెళ్ళారు? ఒక్కళ్ళకైనా తెలిసిందా? నాకు తెలిసింది."

"నీకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది నాన్నా" అన్నాను.