సాలుకు, చాలుకు మధ్య

నేను హైదరాబాదులో పరిశోధన చేస్తున్న రోజుల్లో, సెలవుకు తెలకపల్లి వెళ్లినప్పుడల్లా మా అక్క ఒకటే ప్రశ్న అడిగేది. "ఇంతకు నువ్వు చేసే పని ఏంది?" చెప్పాలని ఉత్సాహమే కానీ చెప్పడం చేతనయ్యేది కాదు. మనిషి కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే అతి చిన్న ముక్కలుంటాయనీ, అవి వేరే జన్యువుల నోరు మూయిస్తాయనీ చెప్పేదాన్ని. ఆ ముక్కలకూ సొంత జన్యువులున్నాయి. వాటి నుంచి నకలు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయిస్తారన్నది మా ప్రశ్న. ఆ ముక్కలు ఏం చేస్తాయో చూసేవాళ్లు అప్పటికే ఎక్కువయ్యారు, వాటిని ఎవరు నడిపిస్తారో చూసేవాళ్లు తక్కువ. మా సారు అందుకే ఈ పని పట్టుకున్నాడు.

అక్క వినీ వినీ ఒకరోజు బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా చూపించింది. "మోటరుకు ఇది ఎట్లనో, నీ జన్యువుకు గూడ గసొంటిది ఉంటదా?"

ఉంటుంది. జన్యువుకు ముందుండే ఆ భాగాన్ని ప్రమోటర్ అంటారు. కొన్ని ప్రోటీన్లు వచ్చి దానిమీద కూర్చుంటే నకలు మొదలవుతుంది. దానిమీద మిథైల్ అనే రసాయన గుర్తులు పేరుకుపోతే ఎవరూ వచ్చి కూర్చోలేరు. అప్పుడు జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నా మూగబోతుంది.

"అంటే మోటరు మంచిగనే ఉంది, డబ్బా కరాబైంది," అంది అక్క. పదో తరగతి దాటని మనిషి ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతికి నేను సెమినార్‌లో గంట తీసుకునేదాన్ని.

మరుసటి ఏడాది అక్కకు రక్త క్యాన్సర్ అని తేలింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. మేం ల్యాబులో పెంచే కణాలూ అదే జబ్బువి. ఎప్పుడో, ఏ దేశంలోనో, ఒకామె ఒంట్లోంచి తీసినవి. వాటిలో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువు మిథైల్ గుర్తుల కింద మూగగా పడి ఉంది. దాన్ని మళ్లీ పలికించడమే నా పని. ఈ సంగతి చెబితే అక్క తన జబ్బు గురించి ఏమీ అడగలేదు.

"ఆమె బతికిందా?" అంది.

తెలియదన్నాను.

"రోజూ ఆమెతోనే పని జేస్తవు, అది గూడ తెల్వదా?" అని కోప్పడింది.

రోజుకో గోలీతో రెండేళ్లు బాగానే గడిచాయి. అక్క మళ్లీ పత్తి ఏరడానికి పోయింది, పెళ్లిళ్లకు పోయింది. "గోలీ ఉన్నన్ని దినాలు నేనుంట," అనేది. ఒకసారి హైదరాబాదులో చూపించుకోవడానికి వస్తే తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ బాగా పడిపోయి ఉన్నాయి. అది గోలీల వల్లే కావచ్చని వెంటనే వాటిని ఆపమన్నాడు డాక్టరు. రెండు వారాలాగి నాగర్‌కర్నూల్‌లో రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం తనకు చూపించాకే మళ్లీ వేసుకోవాలన్నాడు. అక్కకు అది మింగుడు పడలేదు. బస్సెక్కేదాకా ఒకటే పాట. "బంద్ జేస్తే జబ్బు మల్ల లేస్తదేమో." నేను విసుక్కున్నాను. డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా అన్నాను. కిటికీలోంచి చెయ్యి ఊపింది గానీ ముఖంలో భయం పోలేదు.

ఆ తర్వాతి వారమే నా ప్రయోగం మొదటిసారి ఫలించింది. మిథైల్ గుర్తులను చెరిపే మందు వేసిన కణాల్లో, అన్నాళ్లూ మూగగా ఉన్న జన్యువు నుంచి నకళ్లు రావడం మొదలైంది. ఆ నకళ్లకు ఆనవాలుగా ఫిల్ము మీద సన్నటి నల్లగీత. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకుంటుంటే సెల్‌ఫోన్ మోగింది.

"చెల్లె, కోప్పడకు. గోలీలు చాలు జేసిన. సోమారం నుంచి."

"మంచిదక్కా. ముందే చెయ్యాల్సింది."

"నిజంగనా? తిడ్తవనుకున్న."

"తిట్టడమెందుకు? అట్లనే కానియ్యి," అని పెట్టేశాను. నా కళ్లు ఆ గీత మీదే ఉన్నాయి.

మా వైపు 'చాలు చేయడం' అంటే మొదలుపెట్టడం. బడి చాలు అయిందంటారు, మోటరు చాలు చెయ్యమంటారు. ఇక వద్దనడానికి మా మాట 'సాలు'. ఆ రెంటి మధ్య ఒక్క అక్షరమే తేడా అయినా మా ఊళ్లో పసిపిల్లలు కూడా పొరబడరు. హాస్టల్లో చేరిన కొత్తలో నేను "ఫ్యాన్ చాలు చెయ్యి" అంటే, కోస్తా నుంచి వచ్చిన నా గది పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లకు చాలు అంటే ఇక వద్దని. నెల తిరక్కుండా ఆ మాట వదిలేశాను. నోటితో వదిలేశాననుకున్నాను గానీ, ఆరేళ్లలో నా చెవి కూడా వాళ్లదైపోయింది. అక్క గోలీలు ఆపేసిందనుకున్నాను. చెప్పినట్టు ఆపిన మనిషి కోప్పడకని ఎందుకంటుందో ఆలోచించనైనా లేదు.

తొమ్మిదో రోజు బావ ఫోన్ చేశాడు. జ్వరం, ముక్కులోంచి రక్తం ఆగడం లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూసి హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. తెచ్చేసరికి అక్క కళ్లు తెరిచే ఉంది గానీ మాట లేదు. గోలీలు మళ్లీ ఎవరు మొదలుపెట్టారని డాక్టరు కేకలేశాడు.

"ఆపేసింది సార్," అన్నాను నేను.

"లేదు సార్," అన్నాడు బావ. "సోమారం చాలు జేసింది. మేమే, తెల్వక జేసినం."

నాకు అప్పుడు తెలిసింది. నేను మంచిదన్నానన్న మాట బావ డాక్టరుకు చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. రక్తం ఎక్కించారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. మూడో రోజు పొద్దున అక్క పోయింది. ఈ జబ్బులో గోలీ లేకున్నా కణాలు పడిపోవచ్చు, ఇందువల్లే అని చెప్పలేమన్నాడు డాక్టరు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో ఇప్పటికీ తెలియదు.

దినం నాడు చుట్టాలు భోజనాలు చేస్తుంటే బావను పశువుల కొట్టం దగ్గరికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆపిందనుకుని మంచిదన్నాను బావా, అన్నాను.

"తెలిసే అన్నవనుకున్న. సదువుకున్నదానివి, నీకేదో ఎరికై ఉంటదనుకున్న," అన్నాడు. మళ్లీ, "చాలు అంటే నీకు తెల్వకపోవుడేంది? నువ్వీడ పుట్టలేదా?" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. తిట్టినా బాగుండేది. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"అత్తకు చెప్పకు," అని పందిట్లోకి పోయాడు.

చెప్పలేదు. మా అమ్మ ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. "మా చిన్నది దగ్గరుండి చూసుకోబట్టే పెద్దది అన్ని దినాలన్న బతికింది," అని వాళ్లకు చెబుతుంది. నేను చెయ్యి విడిపించుకోకుండా కూర్చుని వింటాను.