మా నీళ్లకు తగిన పడవ

పోయిన నెలలో మా చెల్లెలి కోడలు పట్టుబట్టి నన్ను రిజర్వాయరు మీద కొత్తగా పెట్టిన బోటింగ్ చూడ్డానికి తీసుకెళ్లింది. అరకు వచ్చిన టూరిస్టులు బొంగు చికెన్ తిని, కాఫీ తోటల్లో ఫొటోలు దిగి, ఇప్పుడు ఇటు కూడా వస్తున్నారట. రేవులో నీలం రంగు ఫైబరు పడవలు వరసగా కట్టి ఉన్నాయి. మైకు పట్టుకున్న ఒకాయన, ఈ నీళ్లు ఒడ్డున లోతు తక్కువ, నడిమధ్యన గాలి ఎక్కువ కాబట్టి అడుగు చదునుగా, ముక్కు పైకి లేచి ఉండేలా నిపుణుల చేత ప్రత్యేకంగా చేయించామనీ, దిగేటప్పుడు ఎవరి బూట్లూ తడవవనీ చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నా ముఖం చూసి కోడలు కంగారుపడి మజ్జిగ తాగించింది గానీ, అది మజ్జిగకు చల్లారే మంట కాదు.

ఏజెన్సీలో ఉద్యోగాలు చేసిన నా వయసు వాళ్లకు ఈ కోపం కొత్తేమీ కాదు. మాది డుంబ్రిగుడ దగ్గర మిషను చర్చి పంచన పెరిగిన కుటుంబం. అక్క నర్సయింది, నేను టీచర్నయ్యాను, ఇద్దరికీ రిజర్వాయరు అవతలి ఊళ్లోనే పోస్టింగు వచ్చింది. డ్యాం కట్టినప్పుడు పొలాలూ దారీ నీళ్లలోకి పోగా కొండవాలుకు ఎక్కి బతికిన ఊరది. సంతకైనా ఆసుపత్రికైనా నీళ్లు దాటాల్సిందే. దాటడానికి చెట్టు మొదలు తొలిచిన దోనెలు తప్ప మరేమీ లేవు. రెండు దోనెలు జతగా కట్టి, పైన కర్రలు పరిచి, రాగుల బస్తాలూ మేకలూ పిల్లలూ మా అక్క టీకాల పెట్టే అన్నీ వాటి మీదే. దాటినంతసేపూ అక్క కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది, ఒడ్డున కాలు పెట్టగానే తనకసలు భయమే లేనట్టు అందర్నీ కసిరేది.

మా బావది భీమిలి వైపు, తాతల నాటి నుంచి సముద్రప్పడవలు కట్టే ఇల్లు. పెళ్లయ్యాక అక్క కోసం కొండెక్కి వచ్చిన మనిషి, ఆ దోనెలు చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఊరివాళ్లు పనస చెక్క ఇచ్చారు, ఆయన పడవ కట్టాడు. సముద్రప్పడవే. అడుగు కోసుగా దిగి, వెన్నెముకలా పొడుగాటి దుంగ ఉన్న పడవ. నడి నీళ్లలో గాలి లేచినప్పుడు అది అలను చీల్చుకుపోతుంటే మాకందరికీ గర్వంగా ఉండేది. కానీ ఒడ్డుకు చాలా దూరంలోనే అడుగు బురదలో దిగబడేది, లేదా మునిగిపోయిన పాత చెట్ల మోళ్లకు తట్టుకుని పక్కకు ఒరిగిపోయేది. ఊరిపెద్దను కన్న తల్లి, పళ్లన్నీ ఊడిన ముసలావిడ, ఒడ్డున నిలబడి నడుంమీద చేతులు పెట్టుకుని అరిచింది.

"ఏటి నాయనా, పడవ ఒక్కటే తెచ్చినావు, సముద్రం తేవడం మరిసిపోనావేటి?"

బావ ముఖం కందగడ్డయింది. పది మందిలో అన్నందుకు ఆ ముసలావిడతో కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత పంతానికి పోయి అడుగు మొత్తం విప్పి, పళ్లెంలా చదునుగా చేశాడు. అది ఒడ్డు దాకా జారిపోయేది గానీ, గాలిలో ప్రతి కెరటమూ దాని ముక్కు మీద చెంపదెబ్బలా తగిలి నీళ్లు లోపలికి వచ్చేవి, ఎటు తిప్పితే అటు కాక గాలి ఎటు తోస్తే అటు పోయేది. ఈసారి ముసలావిడే తడిసి ముద్దయి దిగింది, నవ్వడానికి బావ వంతు వచ్చింది. అక్కణ్నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఊరంతా ఒడ్డున కూర్చుని పడవ అడుగు గురించి వాదించుకున్న సాయంకాలాలవి. చివరికి నడుమ నుంచి వెనక దాకా చదును, ముందు భాగం మాత్రం మెల్లగా కోసుదేలి పైకి లేచేలా, పక్కలు బయటికి వాలేలా మూడోసారి కట్టాడు. ఆ పడవ గాలినీ ఓర్చుకుంది, బురదనూ ఓర్చుకుంది. గెడ వేసి తోస్తే మోకాటి లోతు నీళ్లలో కూడా ఒడ్డుకు వచ్చేది. అక్క కళ్లు తెరుచుకుని దాటడం అప్పుడే మొదలుపెట్టింది.

కొన్నేళ్లు అలా హాయిగా గడిచాయి. తర్వాత ఎక్కడో ఇంకో చోట పడవ మునిగిందని, లైసెన్సు లేని పడవలు నడపకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆఫీసువాళ్లు వచ్చి మా పడవను లాక్కుపోయి రోడ్డు పక్క తమ షెడ్డు ముందు ఎండలో బోర్లించారు. తొలిచిన దోనెలు మాత్రం ఎవరి కంటికీ ఆనలేదు. బదులుగా రిబ్బను కట్టి ఒక మోటారు పడవ ఇచ్చారు. కోస్తాకని తెప్పించిన వాటిలో ఒకటి మిగిలితే మాకు పంపారు. అడుగు అచ్చం బావ కట్టిన మొదటి పడవలాగే. బావ ఆ అధికారికి దండం పెట్టి, "ఆ తప్పు నాను సేసీసినాను బాబూ, మీరు మల్లీ సెయ్యక్కర్నేదు" అన్నాడు. ఇంజినీర్లు చూసి పంపిన పడవయ్యా, నీకేం తెలుసు అన్నాడాయన. ఇంజినీర్లు సముద్రాన్ని చూశారు, మా నీళ్లను చూడలేదు. అది చెప్పే వీలు ఇవ్వకుండానే ఆయన జీపెక్కాడు.

ఆ వానాకాలంలోనే ముసలావిడ మనవరాలికి నొప్పులు వచ్చాయి. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివి, కాపురానికి వెళ్లి, కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. బిడ్డ అడ్డం తిరిగిందని అక్క గుర్తుపట్టి, ఆ మోటారు పడవలో ఆసుపత్రికి బయల్దేరదీసింది. నేను పిల్ల తల పట్టుకుని కూర్చున్నాను. నడి నీళ్లు బాగానే దాటాం. అవతలి ఒడ్డు, ఒడ్డున నిలబడ్డ జీపు, జీపు డ్రైవరు తాగుతున్న బీడీ అన్నీ కనిపిస్తున్నాయి. అప్పుడు పడవ మోడుకు తట్టుకుని పక్కకు ఒరిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి. మగవాళ్లు దిగితే నడుం దాకా బురద. తోస్తే ఇంకా దిగబడిందే తప్ప కదల్లేదు. ఒరిగిన ఆ పడవలోనే, నీళ్లలో కూర్చునే, అక్క కాన్పు చేసింది. తల్లిని దక్కించింది. బిడ్డ మాత్రం ఏడవలేదు.

విచారణకని అధికారి వచ్చినప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకుని లేచి నిలబడింది. పచ్చి బాలింతరాలు.

"ఏటి బాబూ, ఆ పడవ మాకోసరం ఇచ్చినారా, పోటోకోసరం ఇచ్చినారా?"

ఆయన తల దించుకున్నాడో, గడియారం చూసుకున్నాడో నాకు తెలియదు. మర్నాడు ఊరు ఊరంతా దోనెల మీద దాటి షెడ్డుకు వెళ్లింది. అడ్డొచ్చిన వాచ్‌మేన్‌ని ముసలావిడ ఒక్క చూపు చూసింది, అతను పక్కకు తప్పుకున్నాడు. ఎండకు చెక్కల సందులు విడిపోయిన పడవను భుజాల మీద మోసుకొచ్చారు. బావ గుగ్గిలం కాచి సందులు పూడుస్తూ, మొగవాడు ఏడవకూడదన్న మాట మరిచిపోయి ఏడ్చాడు. ఆ పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది, చాలా ఏళ్లు నడిచింది కూడా. కానీ జనాన్ని రెచ్చగొట్టిందని అక్కను పాచిపెంట వైపు బదిలీ చేశారు. బావ ఆమె వెంట వెళ్లిపోయి, తలుపులూ కిటికీలూ చేసుకుంటూ బతికాడు. మళ్లీ పడవ జోలికి పోలేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఆ ఊరికి కొండ చుట్టూ తిరిగి రోడ్డు పడింది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. సంతోషమే, కాదంటే కళ్లు పోతాయి. కానీ ఒడ్డున కూర్చుని వాదించుకునే ఊరు ఇప్పుడు లేదు, ఎవరి బండి వాళ్లది, ఎవరి దారి వాళ్లది. మొన్న డుంబ్రిగుడ సంతలో ఆ ముసలావిడ మనవరాలు, నా పాత విద్యార్థిని, కనిపించింది, జుట్టు నెరిసి, అల్లం అమ్ముకుంటూ. మనవలకు ఈత కూడా రాదని నవ్వింది. రోడ్డు వచ్చింది కదమ్మా అన్నాను, ఏదో ఒకటి అనాలని. ఆమె నవ్వు ఆగిపోయింది.

"రోడ్డు మంచిదే టీచరమ్మా. బేగి రానేదు, అంతే" అంటూ త్రాసులో రాయి విసురుగా పడేసింది.